చలిగాలుల సూచన: కోస్తాకొక కొలత, మెట్టకొక కొలత

పుష్యమాసం వచ్చేసరికి రేడియోలోను, పత్రికలలోను వాతావరణ సూచన ఇంచుమించు ఒకే మూసలో వినవస్తుంది. ఈశాన్య దిశనుంచి గాలులు వీస్తున్నవనీ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు సాధారణం కన్న రెండు మూడు డిగ్రీలు తక్కువగా ఉండగలవనీ, ఒకటి రెండు చోట్ల చలిగాలులు వీచే అవకాశం కలదనీ అది చెపుతుంది. ఇందులో అసత్యం ఏమీ లేదు. అయితే నల్లమల అంచున, నాగర్‌కర్నూల్ జిల్లాలోని అచ్చంపేటలో యాసంగి నారు పోసిన రైతుకు గాని, అమ్రాబాద్ పీఠభూమి మీది చెంచు పెంటలో నెగడు చుట్టూ పడుకొనే కుటుంబానికి గాని ఈ వాక్యాలు ఈ రాత్రికి ఏమి చేయాలో చెపుతున్నవా? సూచన నిజమైనదా కాదా అన్నది ఒక పరీక్ష. ఉపయోగపడినదా లేదా అన్నది మరొక పరీక్ష. రెండవ పరీక్షలో చలికాలపు సూచన పూర్తిగా నెగ్గలేదు.

ముందుగా దాని గొప్పను ఒప్పుకోవాలి. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. నేడు దేశాన్ని 36 ఉపవిభాగాలుగా విభజించి సూచనలు ఇస్తున్నది. వీటిలో తెలంగాణ ఒకటి, రాయలసీమ ఒకటి, యానాంతో కూడిన కోస్తాంధ్ర ఒకటి. హైదరాబాదులోని వాతావరణ కేంద్రం జిల్లాల వారీగా కొన్ని దినాలు ముందుగానే హెచ్చరికలు ఇస్తుంది. ప్రమాద తీవ్రతను ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగులతో చూపుతుంది. రేపటి గాలి ఎటునుంచి వీస్తుందో ముందే తెలియడం ఒకప్పుడు ఊహకు అందని సంగతి.

లోపాలలో మొదటిది "చలిగాలి" అన్న మాటలోనే ఉన్నది. సామాన్యుడికి చలిగాలి అంటే వణికించే గాలి. శాస్త్రజ్ఞులకు అదొక కొలత. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటీగ్రేడుకు గాని అంతకన్న కిందికి గాని దిగి, సాధారణం కన్న 4.5 నుంచి 6.4 డిగ్రీలు తక్కువైనప్పుడు అది చలిగాలి. అంతకన్న తగ్గితే తీవ్రమైన చలిగాలి. ఉష్ణోగ్రత 4 డిగ్రీలకు దిగినచో సాధారణంతో పోల్చకుండానే చలిగాలి అంటారు. సముద్రతీర కేంద్రాలకు వేరు కొలత ఉన్నది. అక్కడ 15 డిగ్రీలకు దిగి, సాధారణం కన్న 4.5 డిగ్రీలు తగ్గితే చాలును. ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాలలో వరుసగా రెండు దినాలు ఇట్లు జరిగితే, రెండవ దినాన చలిగాలి వీచినట్లు ప్రకటిస్తారు.

ఒక లెక్క వేసి చూడవచ్చును. తీరంలోని ఒక ఊరిలో సాధారణ కనిష్ఠం 19.5 డిగ్రీలు అనుకుందాం. ఒక రాత్రి అది 15కు దిగినచో చలిగాలి కొలత నిండినది. మెట్టమీది ఒక ఊరిలో సాధారణం 16 డిగ్రీలు అనుకుందాం. అది ఒక రాత్రి 10.5కు దిగినది. తగ్గుదల 5.5 డిగ్రీలు, తీరం కన్న ఎక్కువే. అయినా పది డిగ్రీల గీత దాటలేదు గనుక లెక్కలో అది చలిగాలి కాదు. ఆ అర డిగ్రీ తేడాను ముసలివారి ఊపిరితిత్తులు గుర్తించవు, వరి నారు అంతకన్నా గుర్తించదు.

తీరానికి వేరు కొలత పెట్టడం తప్పని దీని అర్థం కాదు. దానికి భౌతికశాస్త్రంలో ఆధారం ఉన్నది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.18 జౌళ్లు కావాలి. పొడినేలకు ఇందులో సుమారు అయిదవ వంతు చాలును. అందుచేత సముద్రం ఆలస్యంగా వేడెక్కి ఆలస్యంగా చల్లారుతుంది. తీరపు గాలిలోని నీటిఆవిరి నేల వదలిన ఉష్ణవికిరణాన్ని కొంత పీల్చుకొని తిరిగి నేలకే పంపుతుంది. అచ్చంపేట తీరానికి సుమారు 200 కిలోమీటర్ల దూరాన ఉన్నది. నడుమ నల్లమల కొండలున్నవి. శీతకాలపు దీర్ఘరాత్రిలో ఆకాశం నిర్మలమై, గాలి పొడిగాను, నిశ్చలంగాను ఉన్నచో నేల వేడి అడ్డులేకుండా పైకి పోతుంది. తెల్లవారేసరికి నేలను అంటిన గాలి పొర పై పొరలకన్న చల్లనవుతుంది. మబ్బు పట్టిన రాత్రి చలి తగ్గడం ప్రతి రైతూ ఎరిగినదే. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి తూర్పుగాలులు మబ్బులను తెచ్చినప్పుడు మెట్టన చలి సడలుతుంది. మబ్బు విడిపోయి ఉత్తరపు పొడిగాలి తిరిగినప్పుడు మళ్లీ బిగుస్తుంది. సూచనలో గాలి దిక్కు చెపుతారు గాని, ఆ దిక్కుకూ రాత్రి చలికీ గల ఈ సంబంధాన్ని ఒక్క వాక్యంలోనైనా చెప్పరు. ఇది రెండవ లోపం.

మూడవది భాషకు సంబంధించినది. "సాధారణం కన్న రెండు డిగ్రీలు తక్కువ" అన్నప్పుడు సాధారణం ఎంతో చెప్పకపోతే వినేవాడు దేనినుంచి తీసివేయాలి? సాధారణం అంటే ముప్పై సంవత్సరాల సగటు అని ఎందరికి తెలుసు? "ఒకటి రెండు చోట్ల" అన్న మాటకు కూడ శాఖ వాడుకలో నిర్దిష్టమైన అర్థం ఉన్నది: ఉపవిభాగంలోని కేంద్రాలలో నాలుగవ వంతుకు మించకుండా అని. వినేవాడు మాత్రం "ఎక్కడో ఒక మూల, మన ఊళ్లో కాదు" అని అనుకొని నిశ్చింతగా పడుకొంటాడు.

నాలుగవది ఉష్ణమాపకం ఉన్న ఎత్తు. సూచనలోని ఉష్ణోగ్రత గాలి ఆడే తెల్లని చెక్కపెట్టెలో, నేలకు మీటరుకు పైగా ఎత్తున కొలిచినది. నిర్మలమైన రాత్రి నేలను అంటిన గాలి అంతకన్న మరికొన్ని డిగ్రీలు చల్లగా ఉండవచ్చును. నారుమడి ఉన్నది నేలమీద గాని పెట్టెలో కాదు. చలికి నారు ఎదగక ఎర్రబారుతుంది. సాయంత్రం మడిలోని చల్లని నీరు తీసివేసి ఉదయం కొత్తనీరు పెట్టడం, రాత్రి పాలిథిన్ పట్టా కప్పి పగలు తీసివేయడం వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పే ఉపాయాలు. ఈ సలహాలు వారానికి రెండుసార్లు వెలువడే వ్యవసాయ వాతావరణ సంచికలలో వస్తున్నవి. కాని రోజూ వినే సూచనలో వాటికి తావు లేదు. అట్లే మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించరాదన్న హెచ్చరిక కూడ చలిసూచనను విడవకుండా ఉండాలి. అసంపూర్ణ దహనం వల్ల పుట్టే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సూచనకర్తల పక్షాన ఒక సమాధానం ఉన్నది. ప్రతి చిన్న చలికీ హెచ్చరిక ఇస్తే జనం వినడం మానుతారు. అందుకే గీత ఒకటి ఉండాలంటారు. ఇది న్యాయమైన మాటే. గీతను చెరపవలసిన పనిలేదు. గీతకు ఇవతల మౌనం వహించడమే తప్పు. "నాగర్‌కర్నూల్ జిల్లా మెట్టప్రాంతంలో రేపు ఉదయం పదకొండు డిగ్రీలు ఉండవచ్చు, ఈ కాలపు సగటు పదిహేను, ఆకాశం నిర్మలం, కనుక నేలమీద ఇంకా చల్లన, నారుమడి కప్పండి, మూసిన గదిలో కుంపటి పెట్టకండి" అన్న నమూనా వాక్యం చదవడానికి అరనిమిషం పట్టదు.

విమర్శ సూచనలను ఆపడానికి కాదు. ఇంగ్లండులో ఫిట్జ్‌రాయ్ 1861లో పత్రికా ముఖంగా దినసరి సూచనలు ప్రారంభించినాడు. వాటికి శాస్త్రీయమైన పునాది చాలదని పండితులు ఆక్షేపించగా, ఆయన మరణానంతరం 1866లో అవి నిలిచిపోయి, 1879లో గాని తిరిగి మొదలుకాలేదు. లోపాన్ని సవరించడానికి బదులు పనినే ఆపివేస్తే నష్టపోయేది జనమే.

సవరణకు పాఠశాలలు తోడ్పడగలవు. ఎండ తగలని చోట ఒక ఉష్ణమాపకాన్ని మీటరున్నర ఎత్తున, మరొక దానిని నేలకు బెత్తెడు ఎత్తున వేలాడదీసి, విద్యార్థులు నెలరోజులపాటు సూర్యోదయ సమయాన రెండు అంకెలనూ రాయాలి. మూడవ గడిలో ఆనాటి సూచన, నాలుగవ గడిలో రాత్రి మబ్బు ఉన్నదా లేదా అన్నది రాయాలి. నెల ముగిసేసరికి తమ ఊరికి సూచన ఎంత దగ్గరగా వచ్చినదో, ఏ రాత్రులలో తప్పినదో ఆ కాగితమే చెపుతుంది. ఆ కాగితం చేతిలో ఉన్న ఊరు "ఒకటి రెండు చోట్ల" అన్న మాట విన్నప్పుడు, ఆ చోటు తమదేనా అని తానే నిర్ణయించుకోగలదు.