82 డిగ్రీల దగ్గర తెరుచుకునే తలుపు

థర్మోస్టాట్ వాల్వును చేతిలోకి తీసుకుంటే అదేమంత గొప్ప వస్తువులా కనిపించదు. గుండ్రటి రేకు, మధ్యలో మూత, కింద స్ప్రింగు, స్ప్రింగు నడుమ వేలెడంత కూడా లేని ఇత్తడి గొట్టం. అంచున 82 అనో 88 అనో అంకె గుద్ది ఉంటుంది. కారు హీటెక్కిందనగానే అందరి కళ్లూ రేడియేటరు మీదకీ ఫ్యాను మీదకీ పోతాయి. ఇంజన్‌లో కాగిన నీళ్లు ఆ రేడియేటర్లోకి ఎప్పుడు వెళ్లాలో తేల్చేది మాత్రం ఈ ఇత్తడి గొట్టం.

గొట్టంలో ఉన్నది మైనం. వేడి త్వరగా అందేలా అందులో రాగి పొడి కలుపుతారు. కరిగేటప్పుడు మైనం ఉబ్బుతుంది. గొట్టం గట్టిది కనుక పక్కలకు సాగదు. ఆ ఒత్తిడంతా నడిమధ్య ఉన్న సన్నటి కడ్డీ మీద పడుతుంది. కడ్డీ బయటికి రావాలి, కానీ దాని కొన పైచట్రానికి ఆని ఉంది. అందుకని గొట్టమే కిందికి జరిగి, తనతోపాటు మూతను లాక్కుపోతుంది. నీటికి దారి తెరుచుకుంటుంది. చల్లబడితే స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది. 1930ల్లో అమెరికాలో సెర్జియస్ వెర్నే ఈ మైనం ఏర్పాటును రూపొందించాడు. తీగ లేదు, కరెంటు లేదు. అయినా లక్షల కిలోమీటర్లు తిరిగిన బండిలో కూడా వేళకు తెరుచుకుంటుంది, వేళకు మూసుకుంటుంది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత నమ్మకమైన పని చేసే భాగం బండి మొత్తం మీద ఇంకోటి ఉందని నేననుకోను.

దీన్ని పరీక్షించే పాత పద్ధతి ఒకటుంది. మూత సందులో దారం ఇరికించి, నీళ్ల గిన్నెలో అడుగు తగలకుండా వాల్వును వేలాడదీస్తారు. పక్కన థర్మామీటరు, కింద సన్నటి మంట. నీళ్లు వేడెక్కుతుంటే చాలాసేపు ఏమీ జరగదు. ఉన్నట్టుండి దారం జారి, వాల్వు గిన్నెలో పడుతుంది. ఆ క్షణాన థర్మామీటరు చూపించిందే దాని అసలు అంకె. గుద్దిన అంకెకు ఇది దగ్గరగా ఉంటే వాల్వు మంచిది. లేదంటే కొత్తది వెయ్యాల్సిందే.

ఎండాకాలం వచ్చిందంటే మన దగ్గర ఈ వాల్వునే పీకి పారేసే అలవాటుంది. నీళ్లు అడ్డులేకుండా తిరిగితే ఇంజన్ చల్లగా ఉంటుందని నమ్మకం. నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది. ఇంజన్‌కు చల్లదనం అక్కర్లేదు, నిలకడైన వేడి కావాలి. చల్లగా నడిచే ఇంజన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. పైగా కొన్ని ఇంజన్లలో నీళ్లు రేడియేటర్‌కు పోకుండా అక్కడక్కడే తిరిగే అడ్డదారిని కూడా ఈ వాల్వే మూయాలి. దాన్ని తీసేస్తే ఆ దారి తెరిచే ఉండిపోతుంది, బండి మరింత హీటెక్కుతుంది.

సిలిండరు లోపల మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. చుట్టూ ఉన్న అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోయే లోహం. పుట్టిన వేడిలో ఇంచుమించు మూడో వంతు నీళ్లే మోసుకుపోవాలి. ఈ మోత తేలిక చేసినవాడు విల్‌హెల్మ్ మేబాఖ్. 1900లో మెర్సెడెస్ 35 హెచ్‌పీ కారుకు ఆయన 6 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 ఒకదాని పక్కన ఒకటి పేర్చి అతికించి రేడియేటరు చేశాడు. గాలి గొట్టాల్లోంచి, నీళ్లు వాటి మధ్య సందుల్లోంచి. అంత ఇంజన్‌కు 9 లీటర్ల నీళ్లు సరిపోయాయి.

రేడియేటరు మూత పనితనం ఇంకో రకం. లోపల రెండు వాల్వులుంటాయి. పెద్దది ఒత్తిడిని బిగబట్టి ఉంచుతుంది. సాగరమట్టం దగ్గర 100 డిగ్రీలకు మరగాల్సిన మామూలు నీళ్లు 15 పీఎస్ఐ మూత కింద 120 దాకా మరగవు. హద్దు దాటిన నీళ్లు పక్కనున్న రిజర్వు డబ్బాలోకి పొంగుతాయి. ఇంజన్ చల్లబడ్డాక చిన్న వాల్వు తెరుచుకుని, ఆ నీళ్లనే తిరిగి లోపలికి పీల్చుకుంటుంది. హీటెక్కిన బండి మూత ముట్టుకోవద్దని మెకానిక్కులు మొత్తుకునేది ఇందుకే. మూత తిప్పగానే ఒత్తిడి పోయి, 110 డిగ్రీల దగ్గర కుదురుగా ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి లేస్తాయి.

తిరుమల ఘాట్ ఎక్కుతూ సూది ఎరుపు వైపు పోతుంటే ముందు ఏసీ ఆపాలి. హీటరు పూర్తిగా తిప్పి అద్దాలు దించాలి. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే కనుక కొంత వేడి అటు పోతుంది. అయినా సూది దిగకపోయినా, ఆవిరి కనిపించినా, ఎర్ర లైటు వెలిగినా, బండి పక్కకు తీసి ఇంజన్ ఆపెయ్యాలి. అరగంటకు తగ్గకుండా ఆగాలి. పైగొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక, మందపాటి గుడ్డ వేసి మూత కొద్దిగా తిప్పి, బుస్సుమన్న చప్పుడు పూర్తిగా ఆగాకే తియ్యాలి. కాగి ఉన్న ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగలొచ్చు, వంగొచ్చు. చాలా ఇంజన్లలో హెడ్డు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు వంగితేనే గ్యాస్కెట్ నిలవదు.

ఇక బాగుచేసే చేతుల సంగతి. విజయవాడ ఆటోనగర్‌లో రాగి, ఇత్తడి రేడియేటర్ల పని దగ్గర నిలబడి చూడాలి. ముందు రేడియేటరు మూతులు బిగించి, గాలి పట్టి నీళ్ల తొట్టిలో ముంచుతారు. బుడగలు లేచినచోట గుర్తు పెడతారు. తర్వాత మంట పట్టి మాటు కరిగించి, పై ఇత్తడి తొట్టిని ఊడదీస్తారు. లోపల చదును గొట్టాల మూతులు వరసగా బయటపడతాయి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండైతే సగం మూతులు తెల్లటి సున్నంతో పూడి ఉంటాయి. ఒక్కో గొట్టంలోకి పలచటి ఉక్కు పట్టీ దూర్చి, ఆడిస్తూ దించుతారు. గొట్టం రేకు కాగితమంత పలచన. సున్నం దగ్గర పట్టీ గరగరలాడుతూ దిగుతుంది, రేకు తగిలితే చప్పుడు మారుతుంది. ఆ తేడా చేతికి తెలిసినవాడు అక్కడే ఆగి, కొద్దిగా వెనక్కి లాగి మళ్లీ దూరుస్తాడు. తెలియనివాడు బలం పెట్టి గొట్టం చించేస్తాడు.

మళ్లీ అతకడంలో నేర్పంతా మంట పట్టడంలో ఉంది. హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో జింకు ముక్కలు వేసి, పొంగు ఆగాక ఆ ద్రావకంతో అంచులు కడుగుతారు. మంటను గొట్టాల మీద నిలపరు, మందంగా ఉన్న తొట్టి అంచుకే పడతారు. కరిగిన మాటు వేడి ఉన్న వైపే పాకుతుంది కాబట్టి సందులోకి తనే దిగుతుంది. రెండు క్షణాలు ఎక్కువైతే పక్కనున్న పాత అతుకులు కూడా వదిలేస్తాయి. మంచి పనివాడి మాటు వెడల్పులో ఎక్కడా హెచ్చుతగ్గులుండవు, ముద్దలుండవు. అయినా మళ్లీ తొట్టిలో ముంచి, ఒక్క బుడగ కూడా లేదని తేలాకే పక్కన పెడతారు.

ఇప్పటి కార్లలో అల్యూమినియం గుండె, ప్లాస్టిక్ తొట్టి. రెంటినీ కలిపేది అల్యూమినియం అంచున మడిచిన పళ్లు, మధ్యలో రబ్బరు. మాటు పెట్టేందుకు వీలు లేదు. పళ్లు ఒక్కొక్కటే లేపి, రబ్బరు మార్చి, మళ్లీ మడవాలి. రెండోసారి వంచితే పన్ను విరిగిపోవచ్చు. అందుకే ఎక్కువమంది కొత్తదే వేసేస్తారు. తప్పని నేననను. అయితే కొత్తది బిగించడంలోనూ పనితనం ఉంది. లోపల గాలి బుడగ మిగిలితే కొత్త రేడియేటరుతోనూ బండి హీటెక్కుతుంది. కుదురైన మెకానిక్కు కంపెనీ చెప్పిన కూలెంటు మెల్లగా పోస్తాడు, గొట్టాలు పిసికి గాలి వెళ్లగొడతాడు, మూత బిగించి ఇంజన్ నడుస్తుండగా బండి పక్కనే నిలబడతాడు. థర్మోస్టాట్ తెరుచుకుని కింది గొట్టం వేడెక్కాలి, ఫ్యాను తనంతట తనే తిరగాలి, తనంతట తనే ఆగాలి. అలా రెండు మూడుసార్లు జరిగి, చల్లారాక మట్టం ఇంకోసారి చూసుకున్న తర్వాతే బండి తాళం ఇస్తాడు.