బఠాణీ గింజంత మందు

ముప్పయ్యైదేళ్ళు దాటిన ఆడమనిషి మొహం మీద మొటిమ కనిపిస్తే చూసినవాళ్ళు ఊరుకోరు. "ఇంకా మొటిమలేంటే నీకు?" అంటారు. "ఒంట్లో వేడి, మజ్జిగ తాగు" అంటారు. పదహారేళ్ళ వయసులో "పెళ్ళయితే అవే పోతాయిలే" అన్న అత్తయ్యలకు ఇప్పుడు ఏం చెప్పాలో తెలియక పసుపు, చందనం దగ్గరికి వస్తారు. నాకు పెళ్ళయింది, పిల్లలు హైస్కూలుకొచ్చారు, మొటిమలు మాత్రం పోలేదు. బుగ్గల మీద నుంచి దిగి గడ్డం చుట్టూ, దవడ అంచున స్థిరపడ్డాయి. నెలసరికి ముందు వారం వస్తాయి. పైకి తల కనిపించదు, లోపలే గడ్డకట్టి, చెయ్యి తగిలితే నొప్పి.

ఇలాంటివాళ్ళు చాలామందే ఉంటారని చర్మ డాక్టరు దగ్గర వరసలో కూర్చున్నప్పుడు తెలుస్తుంది. బ్యాంకులో పనిచేసేవాళ్ళు, టీచర్లు, మనవరాలిని ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు. సగంమంది చున్నీయో కొంగో గడ్డం దాకా లాక్కుని కూర్చుంటారు. దీనికి తోడు కొందరికి చర్మం బాగా సున్నితం. సబ్బు మారితే మంట, ఏసీ గదిలో గంట కూర్చుంటే బిగుసుకుపోతుంది, ఎండలోకి వెళ్తే చిరచిర. నాదీ అదే తీరు. మొటిమల మందులు చర్మాన్ని ఆరబెడతాయి, సున్నితమైన చర్మం ఆరితే ఓర్చుకోలేదు. ఈ రెండూ ఒకే మొహం మీద పడ్డవాళ్ళ కోసమే ఈ వారం రాస్తున్నాను.

డాక్టరు చీటీ మీద ఎక్కువగా కనిపించే పైపూత మందులు నాలుగైదే. రెటినాయిడ్ల కుటుంబంలో ట్రెటినోయిన్, అడాపలీన్. క్రిముల మీద పనిచేసేవి బెంజాయిల్ పెరాక్సైడ్, క్లిండామైసిన్. ఇక మంటనూ మచ్చనూ కూడా తగ్గించే ఎజిలాయిక్ యాసిడ్. క్లిండామైసిన్ ఒక్కటే నెలల తరబడి రాస్తే క్రిములు దానికి లొంగకుండా పోతాయి, అందుకే డాక్టర్లు దానికి తోడుగా బెంజాయిల్ పెరాక్సైడ్ ఇస్తారు. ఈ రెండోదానికి ఇంకో గుణం ఉంది. తగిలిన బట్ట రంగు పీల్చేస్తుంది. మా ఇంట్లో నీలం దిండుగలీబులన్నిటి మీదా తెల్లటి మరకలు. తెల్ల తువ్వాలు, తెల్ల గలీబు విడిగా పెట్టుకోమని కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు ముందే చెబుతాను.

వీటిలో అసలు పట్టు రెటినాయిడ్ది. దాన్ని వాడటంలోనే మెళకువంతా ఉంది. మొటిమ మనకు ఈ రోజు కనిపించినా, అది మొదలై వారాలు దాటి ఉంటుంది. చర్మరంధ్రంలో చచ్చిన కణాలూ నూనే కలిసి కంటికి కనపడనంత చిన్న బిరడాగా మారడం దాని పుట్టుక. రెటినాయిడ్ పనిచేసేది ఆ చోట. అందుకే లేచిన మొటిమ మీద చుక్క పెట్టుకుని పొద్దున్నే అద్దంలో చూసుకుంటే ఏమీ ఉండదు. మొటిమ లేని చోట కూడా, వచ్చే చోటంతా రాయాలి. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మొదటి వారాల్లో కొందరికి మొటిమలు ఇంకాస్త ఎక్కువవుతాయి కూడా. చీటీ రాసేటప్పుడు ఈ ఒక్క మాట చెప్పని డాక్టరు వల్ల ఎన్ని ట్యూబులు మూడో వారానికే డ్రాయర్లో పడి ఉంటాయో!

నాకు మొదట రాసిచ్చింది అడాపలీన్ 0.1 శాతం జెల్. ఎంత రాయాలని అడిగితే డాక్టరమ్మ "బఠాణీ గింజంత" అంది. మొహం మొత్తానికి అంతేనా అని మళ్ళీ అడిగాను. అంతే. వేలి కొసన ఆ కాస్తా తీసుకుని నుదుటికి, ముక్కుకి, రెండు బుగ్గలకి, గడ్డానికి చుక్కలు పెట్టుకుని, ఆ చుక్కల్ని కలుపుతూ పల్చగా పరచాలి. అంత కొంచెం మందు మొహమంతా అందదనిపిస్తుంది. అందుతుంది. రెండింతలు రాస్తే ఫలితం రెండింతలు కాదు, మంట మాత్రం అవుతుంది.

ముందు మొహం కడుక్కోవడం ఉంది. నురగ తక్కువగా వచ్చే, వాసన లేని ఫేస్‌వాష్, గోరువెచ్చని నీళ్ళు. సున్నిపిండి రుద్దుడు, స్క్రబ్బులు ఈ మందు వాడినన్నాళ్ళూ దూరం. తువ్వాలుతో అద్దుకోవాలి. తడి మీద రాస్తే మందు లోపలికి ఎక్కువ దిగి మండుతుంది కాబట్టి ఓ ఇరవై నిమిషాలు ఆరనివ్వాలి. నా రోజులో నాకు మిగిలేది ఆ ఇరవై నిమిషాలే అనిపిస్తుంది ఒక్కోసారి. పిల్లల పుస్తకాల సంచులు సర్దేసి, పప్పు నానబోసి, వాకిలి గడియ పెట్టి వచ్చేసరికి మొహం ఆరి ఉంటుంది. సున్నితమైన చర్మానికి ముందు ఒక పూత మాయిశ్చరైజర్, దాని మీద మందు, మళ్ళీ పైన మాయిశ్చరైజర్. మందు బలం కాస్త తగ్గినా ఫరవాలేదు, మానేయకుండా సాగడం ముఖ్యం. కంటి కొసలు, ముక్కు పక్క మడతలు, పెదాల మూలలు వదిలెయ్యాలి. పల్చటి చర్మం కాబట్టి పొట్టు లేచేది మొదట అక్కడే.

రోజూ మొదలుపెట్టకూడదు. రెండు రాత్రులకో రాత్రి, అదీ పట్టకపోతే మూడు రాత్రులకోటి. అంతకీ ఓర్చుకోలేని చర్మమైతే రాసిన అరగంటకో గంటకో కడిగేసుకునే పద్ధతి కూడా ఉంది. పెళ్ళికో ఫంక్షనుకో ముందు పార్లరుకి వెళ్ళి పైపెదవి మీద వ్యాక్సింగ్ చేయించుకుంటే చర్మం ఊడివస్తుంది. కొన్నాళ్ళ ముందే మందు ఆపుకోవాలని పార్లరువాళ్ళు చెప్పరు, మనమే గుర్తుంచుకోవాలి.

ఎరుపెక్కి పొట్టు లేస్తేనే మందు పట్టినట్టు అని ఒకప్పుడు డాక్టర్లూ అనుకునేవారు. విటమిన్ ఎ నుంచి వచ్చే ఆమ్లమైన ట్రెటినోయిన్ మొటిమల మీద పనిచేస్తుందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని ఆల్బర్ట్ క్లిగ్మన్, ఆయన సహచరులు 1969లో ప్రకటించారు. 1971లో అమెరికాలో రెటిన్-ఎ పేరుతో అనుమతి దొరికింది. కోట్లమంది మొహాలకు మేలు చేసిన ఈ క్లిగ్మనే ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల ఒంటి మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు నడిపాడు. ఆ ఖైదీల్లో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. ఆ ప్రయోగాలు 1974లో ఆగాయి. నగరం క్షమాపణ చెప్పింది 2022లో. మన అరలో ఉన్న ట్యూబు పుట్టిన కాలంలో ఇదీ ఒక భాగం, దీన్ని దాచి మందును మాత్రమే మెచ్చుకోవడం నాకు చేతకాదు. ఇతరుల చర్మం మంటను లెక్కచెయ్యని ఆ కాలం పోయింది. తక్కువ బలం, నెమ్మదిగా పెంచడం, మధ్యలో విరామం ఇప్పటి పద్ధతి.

మన చామనఛాయ వాళ్ళకి ఈ నెమ్మది మరీ అవసరం. మన చర్మంలో ఎక్కడ మంట పుట్టినా అది నల్లమచ్చగా మారి నెలల తరబడి కూర్చుంటుంది. మొటిమ వల్లే కానక్కర్లేదు, మందు ఎక్కువై ఒరిసినా అదే మచ్చ. మొటిమ పోగొట్టుకోబోయి మచ్చ తెచ్చుకున్నవాళ్ళు నాకు తెలిసి చాలామంది. నిమ్మచెక్క రుద్దడం, మొటిమ మీద టూత్‌పేస్టు పెట్టి పడుకోవడం, గోటితో గిల్లడం అన్నీ చివరికి చేర్చేది అక్కడికే. పొద్దున పూట సన్‌స్క్రీన్ లేకుండా రాత్రి మందు రాస్తే ఆ మచ్చలు తగ్గవు. విజయవాడ ఎండల్లో అయితే మరీను. ఎస్పీఎఫ్ 30కి తగ్గకుండా, చెవుల దాకా, మెడ దాకా రాయాలి. జిడ్డుగా ఉందని వేలెడంత బదులు బొట్టంత రాసుకుంటే రాయనట్టే. సన్‌స్క్రీన్ విషయంలో పొదుపు వద్దు, మందు విషయంలో పొదుపు కావాలి. కొత్తవాళ్ళు ఈ రెండిటినీ సరిగ్గా తిరగేసి చేస్తారు.

నాకు అడాపలీన్‌తో ఒక చలికాలం బుగ్గలు బాగా పగిలాయి. డాక్టరమ్మ దాన్ని గడ్డానికీ దవడకీ పరిమితం చేసి, బుగ్గలకు ఎజిలాయిక్ యాసిడ్ ఇచ్చింది. రాసిన కాసేపు చీమలు పాకినట్టు ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. నల్లమచ్చల మీద కూడా పనిచేస్తుంది. గర్భంతో ఉన్నవాళ్ళకి, గర్భం కోసం చూస్తున్నవాళ్ళకి రెటినాయిడ్లు వద్దంటారు, ఎజిలాయిక్ యాసిడ్‌కి ఆ ఇబ్బంది లేదు. కొత్త కోడళ్ళు ఈ సంగతి డాక్టరు ముందు నోరు విప్పి చెప్పరు, పక్కన అత్తగారు కూర్చుని ఉంటే అసలే చెప్పరు. దయచేసి చెప్పండి. నెలసరి తప్పుతున్నా, గడ్డం మీద వెంట్రుకలు ముదురుతున్నా అదీ చెప్పాలి. అప్పుడు పైపూత ఒక్కటే చాలదు, హార్మోన్ల పరీక్ష కావాలి.

అమెరికాలో అడాపలీన్ 0.1 శాతం జెల్‌ని 2016 నుంచి డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. అక్కడున్న మనవాళ్ళు సెలవులకొస్తూ చాక్లెట్లతో పాటు ట్యూబులూ తెస్తుంటారు. తేవడం మంచిదే. రాసే తీరు చెప్పకుండా ట్యూబు ఒక్కటే చేతిలో పెడితే మాత్రం పదో రోజుకి మొహం పొట్టు లేస్తుంది, "అమెరికా మందు మన ఒంటికి పడలేదు" అని పక్కన పడేస్తారు.

నాకు నిజంగా కోపం తెప్పించేది వేరే ఉంది. మందుల షాపులో "మొటిమలకి, మచ్చలకి ఏదైనా ఇవ్వండి" అని అడిగితే చేతికొచ్చే క్రీములు. చాలావాటిలో హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌తో పాటు మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వారంలో మొహం తెల్లగా, నున్నగా అవుతుంది. అదే దాని ఆకర్షణ, అదే దాని ప్రమాదం. నెలలు గడిచేసరికి చర్మం పల్చబడుతుంది, బుగ్గల మీద ఎర్రటి నరాలు తేలతాయి, ఆపగానే మొటిమలు గుత్తులుగా తోసుకొస్తాయి. భయపడి మళ్ళీ అదే రాస్తారు. మా బంధువుల అమ్మాయి ఒకతి పెళ్ళిచూపుల కోసమని మొదలుపెట్టి, పెళ్ళయ్యాక కూడా ఆపలేక, పొయ్యి దగ్గర నిలబడితే మొహం కాలినట్టు ఉంటోందని ఏడ్చింది. దేశంలోని 12 కేంద్రాల్లో 2,926 మంది చర్మరోగులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో 433 మంది మొహానికి స్టెరాయిడ్ రాస్తున్నట్టు తేలింది. వాళ్ళలో నూటికి తొంభై మందికి దుష్ఫలితాలు వచ్చాయి, అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది మొటిమలు రావడం, ఉన్నవి ముదరడం. మొటిమలకని రాసిన మందే మొటిమలు తెస్తోంది! 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల పైపూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. నేను చూసిన షాపుల్లో చీటీ అడిగినవి తక్కువ.

నెమ్మదిగా పనిచేసే మందును నమ్మడం కష్టమే. ఆఫీసులో మీటింగు, ఇంట్లో పెళ్ళి, ఫోటోలు, ఎవరో ఒకరి వ్యాఖ్య. పన్నెండు వారాలు ఆగమంటే ఎవరికైనా ఓపిక చాలదు. ఆ ఓపిక లేకపోవడాన్ని నేను తప్పుపట్టను, మొహాన్ని పట్టుకుని మాటలనే ఇంట్లోవాళ్ళని తప్పుపడతాను. మందు రాసుకుంటున్న మనిషిని రోజూ పొద్దున్నే "ఇంకా తగ్గలేదే" అని అడగకండి.

ఇప్పుడు మీ ఇంట్లో మొహానికి వాడుతున్న ట్యూబు తీసి వెనక అక్షరాలు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్ అని వీటిలో ఏ పేరు ఉన్నా అది స్టెరాయిడే. చాన్నాళ్ళుగా రాస్తుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి, మొహం ఉబ్బి మండుతుంది. ఆ ట్యూబు పట్టుకుని ఈ వారమే చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళండి.