చీకటి పడేదాకా ఆగి చూడాలి

సాయంత్రం ఆరున్నర దాటితే రిసెప్షన్‌లో ఫోన్ ఆగిపోతోందని ఒక ఆఫీసు నుంచి కబురొచ్చింది. పొద్దున వెళ్తే అంతా బాగానే ఉంది. కేబుల్ మార్చాం, ఫోన్ మార్చాం, ఫలితం లేదు. మూడోరోజు చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను. ఆరూ నలభైకి ఫోన్ తెర నల్లబడింది. ర్యాక్ దగ్గరికి వెళ్లి చూస్తే స్విచ్ చివరి రెండు పోర్టుల లైట్లూ ఆరిపోయి ఉన్నాయి. రెండోది అకౌంట్స్ సెక్షన్ ఫోను. ఆ వేళకు అక్కడ ఎవరూ ఉండరు కాబట్టి అది ఆగుతున్న సంగతి ఎవరికీ తెలియలేదు.

తప్పు ఫోన్లది కాదు. చీకటి పడగానే బయటి కెమెరాల్లో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. పగలు ఆరు వాట్లతో నడిచే కెమెరా రాత్రి తొమ్మిది లాగుతోంది. ఫోన్లకీ కెమెరాలకీ కరెంటు ఇచ్చే ఆ ఎడ్జ్ స్విచ్‌కి 48 పోర్టులు. 30 ఫోన్లకు ఐదేసి వాట్లు, 6 వైఫై పెట్టెలకు ఇరవయ్యేసి, 12 కెమెరాలకు ఆరేసి, మొత్తం 342. స్విచ్ ఇవ్వగలిగింది 370. పగలు సరిపోయింది. రాత్రి 378 అయ్యేసరికి స్విచ్ తన పద్ధతిలో చివరి పోర్టుల నుంచి కోసేసింది. ఆ లెక్క వేసింది నేనే. అందరూ పనిచేసే వేళ చూసి వేశాను, కెమెరాలు రాత్రి పనిచేస్తాయని తలచుకోలేదు.

ఆరోజు నుంచి ఎవరు కొటేషన్ చూపించినా ముందు వెతికేది పీఓఈ వాట్లు, అంటే నెట్‌వర్క్ కేబుల్లోనే పంపే కరెంటు. 2003 నాటి ప్రమాణం ప్రకారం ఒక పోర్టు 15.4 వాట్ల దాకా ఇవ్వాలి. 2009లో అది 30 అయింది, 2018లో 90 దాకా వెళ్లింది. పోర్టుకు 30 అని పెద్దక్షరాల్లో ఉంటే చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఏ పోర్టయినా ఇస్తుంది, నిజమే. అన్నీ ఒకేసారి ఇవ్వలేవు. 370ని 48కి పంచితే ఒక్కోదానికి ఎనిమిది వాట్లు కూడా రావు.

వేగం గురించి నాకంత బెంగ లేదు. గిగాబిట్ పోర్టులు 48 ఉన్నా, పైకి వెళ్లే ఒక్క 10 గిగాబిట్ ఫైబర్‌తో మామూలు ఆఫీసు హాయిగా నడుస్తుంది. ఫైళ్లూ మెయిళ్లూ చూసుకునే నలభై మంది ఒకే క్షణాన గొట్టం నింపేయరు. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లుంటే మాత్రం ఆ లెక్క వేరు. మిగతాచోట్ల వేగానికి పెట్టే డబ్బు పవర్ సప్లయ్ మీదా, షెల్ఫులో పెట్టుకునే స్పేర్ స్విచ్ మీదా పెట్టమంటాను.

ఎడ్జ్ స్విచ్‌లన్నీ వచ్చి కలిసే కోర్ స్విచ్ చెరువు తూములాంటిది. బోదె ఒకటి పూడితే ఒక మడి ఎండుతుంది, తూము పూడితే ఊరంతా ఎండుతుంది. అందుకే కోర్‌కి రెండు పవర్ సప్లయ్‌లు అడుగుతాం. తీరా వెళ్లి చూస్తే రెండు ప్లగ్గులూ ఒకే యూపీఎస్‌కి పెట్టి ఉంటాయి. ఇది నేనెన్నిసార్లు చూశానో! రెండో సప్లయ్‌కి పెట్టిన డబ్బంతా అక్కడే వృథా.

కొన్నాక చేయాల్సిన పని ఇంకొకటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. స్విచ్‌ల మధ్య రెండు దారులుంటే ఈథర్‌నెట్ ఫ్రేములు ఆగకుండా గిరగిర తిరుగుతాయి. ఇన్ని గడపలు దాటాక చచ్చిపోవాలన్న లెక్క ఐపీ ప్యాకెట్టుకు ఉంది, వీటికి లేదు. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రాడియా పెర్ల్‌మన్ దీనికి స్పానింగ్ ట్రీ అనే ఉపాయం కనిపెట్టారు. స్విచ్‌లు తమలో ఒకదాన్ని పెద్దగా ఎంచుకుని, మిగులు దారుల్ని మూసేస్తాయి. ప్రయారిటీ అంకె తక్కువున్నది పెద్ద. కానీ ఫ్యాక్టరీ నుంచి దాదాపు అన్నీ 32768తోనే వస్తాయి. సమానమైతే మ్యాక్ అడ్రసు (పెట్టెకు ఫ్యాక్టరీలో వేసే నంబరు) చిన్నదే గెలుస్తుంది, ఒకే కంపెనీ పెట్టెల్లో అది తరచూ అన్నిటికన్నా పాతదే. లక్షలు పోసి కోర్ కొన్నా, మెట్ల కింద దుమ్ముకొట్టుకుపోయిన పాత స్విచ్చే ఆఫీసంతటికీ పెద్దరికం చేస్తుంటుంది. అది ఆగి మళ్లీ లేచిన ప్రతిసారీ అందరి దారులూ మారతాయి. కోర్‌కి 4096, దాని జోడీకి 8192 పెట్టడానికి రెండు నిమిషాలు చాలు.

మొన్న ఒక మూడంతస్తుల ఆఫీసులో కొత్త ఎడ్జ్ స్విచ్‌లు బిగించాం. ఈసారి 740 వాట్లవి. మధ్యాహ్నానికే పని అయిపోయింది, కుర్రాళ్లు టూల్ బ్యాగులు సర్దేశారు. "సార్, ఇంకా ఎందుకు?" అన్నాడొకడు. కుర్చీ లాక్కుని ల్యాప్‌టాప్ ముందు కూర్చోమన్నాను. ఆరున్నరకి తెర మీద 331 ఉంది. వీధి దీపాలు వెలిగాయి. 340, 352, 367. కాసేపటికి 369 దగ్గర నిలబడింది. ఆ అంకెనీ టైమునీ కాగితమ్మీద రాసి, ర్యాక్ తలుపు లోపల అంటించాడు.