సీసపు ముద్ర

నూతిలో చేద జారిపడినపుడు పాతాళభేదిని చేంతాటికి కట్టి దింపి, చేతికి తగులు బరువునుబట్టి అది చిక్కినదో లేదో గ్రహించు నేర్పు మన యిండ్లలో నొకప్పుడు సామాన్యముగా నుండెడిది. కృష్ణా గోదావరీ తీరమున వేల యడుగుల లోతునకు దిగు గ్యాసు బావులలో విరిగిన గొట్టమునో, తీగ తెగి జారిన యంత్రమునో పైకి దీయు ఫిషింగ్ విద్యయు ప్రధానముగా ఆ స్పర్శజ్ఞానముపైననే నిలిచియున్నది.

గొట్టము చిక్కుటకు హేతువులు పెక్కు. బావిలో నింపు బురదకు బరువు గూర్చుటకై ముగ్గురాయి పొడిని కలుపుదురు. కడప సీమలోని మంగంపేట ఆ రాతికి ప్రసిద్ధము. బరువు మితిమీరినచో ఆ బురదయే, కదలక నిలిచిన గొట్టమును సచ్ఛిద్రమైన రాతిగోడకు అదిమిపట్టును. చాలకున్నచో గ్యాసు పైకెగయును. అదుపుతప్పిన బావి యెంత భయంకరమో, 1995 జనవరి 8న ఎగజిమ్మి 65 దినములు మండిన కోనసీమలోని పాశర్లపూడి బావి మనకు చూపినది.

చిక్కిన వస్తువును పట్టుటకు ముందు దాని శిరస్సు ఏ రూపున నున్నదో తెలియవలెను. మెత్తని సీసపు దిమ్మను గొట్టపు చివర బిగించి దింపి, ఒక్కమారు మాత్రమే ఆనించి, పైకి దీసి, కడిగి, వెలుతురున త్రిప్పి చూతురు. ముద్ర పూర్ణవలయమైనచో వస్తువు నిటారుగా నున్నది. నెలవంకయైనచో గోడకు ఒరిగినది. అంచున గాట్లు పడినచో లోహము చిరిగినది. రెండవమారు తాకించినచో ముద్రపై ముద్ర పడి చదువ వీలుగాదు. ఈ విద్యలో నాకు మిక్కిలి పూజ్యముగా దోచునది ఆ ఒక్క స్పర్శయందలి నిగ్రహమే.

పిదప ఓవర్‌షాట్ అను బోలు పనిముట్టు వస్తువును వెలుపలినుండి కప్పి లోపలి పండ్లతో పట్టును. లాగిన రానిచో జార్ అను సాధనముతో పైకి పోట్లు వేయుదురు. అప్పటికిని రానిచో, వదులుగా నున్నంతవరకు విడదీసికొని, శేషమును సిమెంటుతో పూడ్చి, ప్రక్కనుండి వేరొక దారి తవ్వుదురు. ఎపుడు విడువవలెనో యెరుగుటయు ఈ పనిలో నేర్పే.

ఓవర్‌షాట్ పట్టు కుదురవలెనన్న పోయిన వస్తువు వ్యాసము ముందే తెలిసియుండవలెను. అందుచేతనే బావిలోనికి దిగు ప్రతి పనిముట్టు పొడవును, వ్యాసమును దింపకమునుపే కొలిచి పుస్తకమున వ్రాయుట విధి. అలసిన రాత్రివేళ ఎవరో ఆ పుటను విడిచిపెట్టినచో, మరునాడు వచ్చు నిపుణుడు ఎంతటివాడైనను అంచనాతోనే చేయి చాపవలసివచ్చును.

సముద్రపు తవ్వకమునకై సాగర్ భూషణ్ నౌకను నిర్మించిన నగరము మన విశాఖ. పెట్రోలియము, ఇంధన శాస్త్రములకై ప్రత్యేకముగా 2016లో జాతీయ విద్యాసంస్థ వెలసినదియు నిచ్చటనే. ఆ సంస్థలోని విద్యార్థులకు కంప్యూటరు తెరతోపాటు సీసపు దిమ్మను చేతికిచ్చి ముద్రను చదివింపవలెననియు, కొలతపుస్తకమును వారిచేతనే వ్రాయింపవలెననియు ఆచార్యులకు నా మనవి.