వార్తను వాక్యంగా చదవడం: కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంత పత్రికాపఠనం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు పాఠకులు పత్రికను అనుమానించడం నేర్చుకున్నారు. వార్తను నిశితంగా చదవడం మాత్రం అంతగా అలవడలేదు. 'ఇది ఫలానా పార్టీ పేపరు' అన్న నిర్ణయంతోనే మన విమర్శ తరచుగా ఆగిపోతున్నది. కామారెడ్డి పురపాలక సంఘం ముసాయిదా మాస్టర్ ప్లాన్ వివాదాన్ని ఆధారంగా చేసుకొని, వార్తలోని పదం, కర్త, కథనక్రియ, ఊరిపేరు, ప్రచురణస్థానం అనే అంశాలను ఎలా చదవాలో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: పత్రికాభాష, విమర్శనాత్మక పఠనం, జిల్లా పుటలు, మాస్టర్ ప్లాన్, కామారెడ్డి, ఎల్లారెడ్డి.

1. ఉపోద్ఘాతం:

సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 1926లో గోలకొండ పత్రిక వెలువడినప్పుడు, ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో తెలుగు పత్రిక దొరకడమే ఒక విశేషం. నేటి పాఠకుని సమస్య పత్రికల కొరత కాదు. సాక్షి (2008), నమస్తే తెలంగాణ (2011) వంటి పత్రికలకు ఏయే రాజకీయపక్షాలతో సంబంధం ఉన్నదో పాఠకులకు తెలియనిది కాదు. ఎన్నికల కాలంలో డబ్బు తీసుకొని వార్తలు ప్రచురించే ధోరణిపై పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాస రెడ్డి సభ్యులుగా గల ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం 2010లో నివేదికను రూపొందించింది. కనుక పాఠకుల అనుమానం నిరాధారం కాదు.

అయితే యాజమాన్యం తెలిసినంత మాత్రాన వార్త అర్థమైనట్లు కాదు. కవి కులం, ప్రాంతం తెలుసుకొని పద్యం చదవకుండానే తీర్పు చెప్పే విమర్శకుని మనం అంగీకరించం. పత్రిక విషయంలో మాత్రం అదే పద్ధతిని విమర్శగా చెలామణి చేస్తున్నాం.

2. వివాద నేపథ్యం:

కామారెడ్డి పురపాలక సంఘం 2022 చివరలో మాస్టర్ ప్లాన్ ముసాయిదాను ప్రకటించి అభ్యంతరాలను ఆహ్వానించింది. తమ సాగుభూములను పారిశ్రామిక జోన్‌లో చూపారని, పొలాల మీదుగా రోడ్లు ప్రతిపాదించారని పరిసర గ్రామాల రైతులు ఆందోళనకు దిగారు. 2023 జనవరి మొదటి వారంలో అడ్లూర్ ఎల్లారెడ్డి గ్రామానికి చెందిన ఒక రైతు ఆత్మహత్యతో ఆందోళన తీవ్రమైంది. కలెక్టరేట్ ముట్టడి, పట్టణ బంద్ జరిగాయి. చివరకు జనవరి 20న పురపాలక సంఘం ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది.

3. 'ముసాయిదా' – ఒక పదం, రెండు అర్థాలు:

వివాదం ముదిరినప్పుడు ప్రభుత్వపక్షం ఇచ్చిన సమాధానం 'ఇది ముసాయిదా మాత్రమే' అన్నది. అధికార పరిభాషలో ముసాయిదా అంటే మార్పునకు వీలున్న పత్రం. రైతుకు మాత్రం తన సర్వే నెంబరు పటంలో వేరే రంగులోకి మారిపోయిన తొలి సాక్ష్యం అదే. ఇరువురూ ఒకే పదాన్ని పట్టుకొని మాట్లాడారు కాని ఒకే విషయం మాట్లాడలేదు.

ఇక్కడ పాఠకుడు గ్రహించవలసిన భేదం మరొకటి ఉన్నది. జోన్ మార్చడం భూసేకరణ కాదు. యాజమాన్యం రైతు పేరనే ఉంటుంది. కాని ఆ భూమిని రేపు దేనికి వాడవచ్చు, ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు అన్నవి మారిపోతాయి. 'భూములు పోతున్నాయి' అనే శీర్షిక ఈ భేదాన్ని చెరిపివేస్తుంది. 'ఎవరి భూమీ పోదు' అనే ప్రకటన రైతు నష్టాన్ని చెరిపివేస్తుంది. రెండూ ఒకే పుటలో పక్కపక్కన అచ్చయినంత మాత్రాన సమతౌల్యం సిద్ధించదు. ఆ రెండింటి నడుమనున్న 'భూవినియోగం' అనే మాటను విప్పి చెప్పినప్పుడే వార్త పూర్తవుతుంది.

4. కర్త, కథనక్రియ:

కింది వాక్యాలు ఏ పత్రిక నుండీ గ్రహించినవి కావు. పరిశీలన కోసం కూర్చినవి.

అ) రైతుల భూములు పారిశ్రామిక జోన్‌లోకి వెళ్లాయి.
ఆ) రైతుల భూములను పారిశ్రామిక జోన్‌లో చేర్చడం జరిగింది.
ఇ) పురపాలక సంఘం రైతుల భూములను పారిశ్రామిక జోన్‌లో చూపింది.

మొదటి వాక్యంలో భూమే కర్త. పొలం తనంతట తాను నడిచి వెళ్లినట్లున్నది. రెండవ దానిలో పని ఉన్నది, చేసినవారు లేరు. మూడవ వాక్యంలో మాత్రమే అభ్యంతరపత్రం ఎవరికి ఇవ్వాలో తెలుస్తుంది. కర్త లోపించడం వ్యాకరణానికి సమ్మతమే కావచ్చు. గడువులోగా అర్జీ పెట్టవలసిన రైతుకు మాత్రం చిరునామా లోపించినట్లే.

కథనక్రియలదీ ఇదే తీరు. మన వార్తల్లో అధికారులు 'స్పష్టం చేస్తారు', 'వెల్లడిస్తారు'. రైతులు 'ఆరోపిస్తారు', 'వాపోతారు'. 'వెల్లడించు' అన్నప్పుడు చెప్పిన విషయం నిజమన్న అంగీకారం ముందే ఉన్నది. 'ఆరోపించు' దానిని సందేహంలో నిలుపుతుంది. 'వాపోవు' అనేది వాదాన్ని కన్నీరుగా మార్చివేస్తుంది. సర్వే నెంబర్లతో సహా రైతు చెప్పిన లెక్క కూడా 'వాపోయాడు' అన్న క్రియతో ముగిస్తే గోడుగానే మిగులుతుంది. రెండు పక్షాలకూ 'అన్నారు' అనే సాధారణ క్రియను వాడి వార్తను తిరగరాయిస్తే, విద్యార్థికి ఈ తేడా వెంటనే బోధపడుతుంది.

ఆత్మహత్య వార్తల్లో కారణాన్ని సూచించే పదబంధం మరింత కీలకం. 'అప్పుల బాధతో' అంటే బాధ్యత కుటుంబం మీద, 'ప్లాన్ వల్ల' అంటే ప్రభుత్వం మీద పడుతుంది. ఆత్మహత్యల వార్తారచనపై ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు స్వీకరించింది. ఒక మరణాన్ని ఏకకారణానికి కుదించే ప్రతి వాక్యాన్నీ, అది మన పక్షాన ఉన్నప్పటికీ, ఆగి చదవవలసిందే.

5. ఏ ఎల్లారెడ్డి?

కామారెడ్డికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన గల పట్టణం ఎల్లారెడ్డి. అడ్లూర్ ఎల్లారెడ్డి అందుకు భిన్నంగా కామారెడ్డికి చేరువలో, సదాశివనగర్ మండలంలో ఉన్న గ్రామం. ఆ మండలం ఎల్లారెడ్డి శాసనసభ నియోజకవర్గంలో ఉన్నది. అంటే ప్రణాళిక ఒక నియోజకవర్గ కేంద్రంలో తయారైంది. మరణించిన రైతు ఊరు మరో నియోజకవర్గంలో ఉన్నది. శీర్షికలో చోటు చాలక 'అడ్లూర్' తొలగిస్తే వార్త మరో ఊరికి వెళ్లిపోతుంది. ఏ ప్రజాప్రతినిధి జవాబు చెప్పాలన్న ప్రశ్న కూడా దారి తప్పుతుంది. స్థానికపాఠకుడు దూరపు సంపాదకుని కంటె మెరుగైన విమర్శకుడయ్యేది ఇటువంటి చోటనే.

6. జిల్లా పుట – బలం, పరిమితి:

ఈనాడు 1989లో ప్రారంభించిన జిల్లా అనుబంధాలు తెలుగు పత్రికారంగ స్వరూపాన్నే మార్చాయని రాబిన్ జెఫ్రీ వంటి పరిశోధకులు గుర్తించారు. ఊరి మురుగుకాలువ సైతం వార్త కావడం వీటి బలం. ఒక జిల్లా గోడు పక్క జిల్లాకు చేరకపోవడం వీటి పరిమితి. 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుండి కామారెడ్డి జిల్లా విడివడిన తరువాత ఈ పరిధి మరింత కుదించుకుపోయింది. ఒక సమస్య జిల్లా పుట దాటి మొదటి పుటకు ఏ రోజున చేరిందో గమనించడం మంచి పరిశోధనాభ్యాసం. అక్కడికి చేరడానికి ఒక ప్రాణం పోవలసివచ్చిందా అన్నది ఆ అభ్యాసం లేవనెత్తే ప్రశ్న.

2023 డిసెంబరులో కామారెడ్డి శాసనసభ ఫలితం దేశమంతటా పతాకశీర్షికలకెక్కింది. నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావును, కొద్దిరోజుల్లో ముఖ్యమంత్రి కాబోతున్న ఎ. రేవంత్ రెడ్డిని కాటిపల్లి వెంకటరమణారెడ్డి 6,741 ఓట్ల ఆధిక్యంతో ఓడించారు. 'ఇద్దరు ఉద్దండులను ఓడించిన ఒక్కడు' అన్న వీరగాథ ఆకర్షణీయమైనదే. ఆ ఏడాది మొదట్లో ఆయన మాస్టర్ ప్లాన్ వ్యతిరేక ఆందోళనలో పాల్గొన్న సంగతి తెలిసిన జిల్లా పాఠకుడు ఆ ఫలితాన్ని మరొక విధంగా కూడా చదువగలడు.

7. ముగింపు:

కర్త, క్రియ, కథకుడు, దృష్టికోణం అనే పరికరాలు తెలుగుశాఖల్లో ఇప్పటికే ఉన్నాయి. వాటిని పద్యానికి, నవలకు పరిమితం చేయకుండా జిల్లా పుటకు, ముఖ్యంగా చిన్న అక్షరాల్లో అచ్చయ్యే ప్రభుత్వ ప్రకటనకు వర్తింపజేయవలసి ఉన్నది. 'ముసాయిదా', 'జోన్', 'అభ్యంతరాలు', 'గడువు' అనే నాలుగు మాటలు గల ఆ ప్రకటనను ఊరిలో అందరికంటె ముందు చదివి, ఇంట్లోవారికి విడమరచి చెప్పగలిగేది మన తరగతిలో కూర్చున్న రైతుబిడ్డే. ఆ పఠనం గడువుకు ముందే జరగాలి.