పెయింటు కర్మాగారపు సూత్రము: గుణదోషములు

కర్మాగారమునకు వచ్చు ఆర్డర్లు అన్ని నెలలలోను ఒకే తీరుగా ఉండవు. వానితోపాటు ఉత్పత్తియు ఎగిరిపడుచుండిన నష్టము తప్పదు. యజమానికి మూడు మార్గములు కలవు: పనివారిని చేర్చుకొనుట లేక తొలగించుట, ఉన్నవారిచేత ఓవర్‌టైము చేయించుట, సరుకు నిల్వను పెంచుట లేక తగ్గించుట. మూడింటికిని ఖర్చు కలదు. వీనిని ఏ పాళ్లలో కలుపవలెను?

ఈ ప్రశ్నకు అమెరికాలో పిట్స్‌బర్గునందలి కార్నెగీ సాంకేతిక విద్యాలయమునకు చెందిన హోల్ట్, మోడిగ్లియానీ, సైమన్ అను మువ్వురు 1955లో ఒక సమాధానము ప్రకటించిరి. 1960లో మ్యూత్‌తో కలిసి నలుగురుగా దానిని ‘ప్లానింగ్ ప్రొడక్షన్, ఇన్వెంటరీస్ అండ్ వర్క్ ఫోర్స్’ అను గ్రంథముగా విస్తరించిరి. ఒక పెయింటు కర్మాగారపు లెక్కలు వారి ఉదాహరణము.

వారు ఖర్చులను వర్గ సమీకరణముగా వ్రాసిరి. వర్గమును అవకలనము చేసిన మిగులునది సరళ సమీకరణమే. కావున కూడికలు, గుణకారములు తెలిసిన గుమాస్తా నెలకొకసారి వేసికొనగల సూత్రము లభించినది. దాని ప్రకారము ఈ నెల ఆర్డర్లు 100 గ్యాలనులు పెరిగిన ఉత్పత్తి సుమారు 46 గ్యాలనులే పెరుగును. వచ్చే నెల 100 పెరుగునని అంచనా ఉన్నచో ఈ నెలనే 23 పెరుగును. ఆ పై నెలకు అట్టి అంచనా ఉన్నచో 11. నిల్వ 100 ఎక్కువగా ఉన్నచో ఉత్పత్తి 46 తగ్గును. ఇట్లు గిరాకీ పోటు పలు నెలలకు పంచబడును. పైగా భవిష్యత్తు నిశ్చయముగా తెలియనక్కరలేదు, సగటు అంచనా చాలును. ఇది గొప్ప సౌలభ్యము.

ఇక దోషము. పనివారి సంఖ్యలోని మార్పును వర్గము చేసి, 64.3 డాలర్లతో గుణించి, ఆ మార్పునకగు ఖర్చుగా లెక్కించిరి. 10 మందిని చేర్చుకొన్నను 6,430 డాలర్లే, తొలగించినను 6,430 డాలర్లే. ఋణసంఖ్య వర్గమును ధనసంఖ్యయే కదా! 20 మందిని ఒకేసారి తొలగించిన 25,720. రెండు నెలలలో పదేసి మందిని తొలగించిన 12,860. కావున సూత్రము ఆకస్మికపు తొలగింపులను ఇష్టపడదు. మంచిదే. కాని అది దయవలన గాదు, వర్గమువలన. పని పోయినవాని ఇంట పొయ్యిలోని పిల్లి లేవకుండుట యజమాని ఖాతాకెక్కదు. కావున సూత్రములోనికిని రాదు. రెండు ఖర్చులు అసమానమైనచో సవరించుకొనుటకు సామాన్య సమీకరణములో ఒక స్థిరాంకము ఉంచిరి. అదియు యజమాని ఖర్చునే కొలుచును.

రంగులన్నిటిని గ్యాలనులలో కలిపి లెక్కించుట మరియొక కొరత. ఏ రంగును ఏ దినమున కలుపవలెనో ఈ సూత్రము చెప్పదు.

ఈ నలుగురిలో సైమన్‌కు 1978లోను, మోడిగ్లియానీకి 1985లోను ఆర్థికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. వర్గ సమీకరణము బోధించు ఉపాధ్యాయులకు ఈ లెక్క చక్కని ఉదాహరణము. సమీకరణములోని ఖర్చు ఎవరిదని కూడ విద్యార్థులను అడిగిన పాఠము సంపూర్ణమగును.