రేగడిలో అల్యూమినియం ఎక్కడ కూర్చుంది?

నంద్యాల జిల్లా మిడుతూరు వైపు నల్లరేగడిలో ఇల్లు కట్టినవాళ్లకు ఆ నేల సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పునాది లోతుగా తీసి, గరుసు పోసి దిమ్మిస కొట్టించకపోతే ఏడాది తిరక్కుండా గోడ పగులుతుంది. ఈ గుణమంతా స్మెక్టైట్ అనే బంకమట్టి ఖనిజానిది. రెండు సిలికాన్ పొరల నడుమ ఒక అల్యూమినియం పొర. అలాంటి రేకులు దొంతరగా ఉంటే, వాటి సందుల్లోకి నీరు దూరుతుంది. రేకుల మధ్య ఎడమెంతో ఎక్స్‌రే చెబుతుంది. కానీ కొంత అల్యూమినియం తన పొర వదిలి సిలికాన్ చోటుకు చేరుతుంది. ఎంత చేరిందని అడిగితే ఎక్స్‌రే తడబడుతుంది. ఘనస్థితి ఎన్‌ఎంఆర్‌కు పని పడేది అక్కడే.

బ్లాక్, పర్సెల్ బృందాలు 1946లో వేర్వేరుగా కనిపెట్టిన ఈ విద్య పూర్తి పేరు న్యూక్లియర్ మాగ్నెటిక్ రెసొనెన్స్. 1952లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. బలమైన అయస్కాంత క్షేత్రంలో కొన్ని పరమాణు కేంద్రకాలు రేడియో తరంగాలకు బదులిస్తాయి. ఇరుగుపొరుగును బట్టి ఆ బదులు కాస్త మారుతుంది. ద్రవంలో అణువులు దొర్లుతుంటాయి కాబట్టి సన్నని గీతలొస్తాయి. పొడిలో ఒక్కో రేణువు ఒక్కో దిక్కుకు చూస్తుంది, గీతలన్నీ కలిసి గుట్టవుతాయి. నమూనాను క్షేత్రానికి 54.74 డిగ్రీల వాలులో గిరగిరా తిప్పితే దిక్కుల తేడా చాలావరకు చెరిగిపోతుందని 1958లో ఆండ్రూ, బ్రాడ్‌బరీ, ఈడ్స్, ఆ మరుసటేడు లోవ్ చూపించారు. దానికి మాయాకోణమని పేరు. మాయేమీ లేదు, కొసైన్ లెక్క.

చేతిపని మాత్రం ఉంది. నమూనాను మెత్తగా నూరి, 4 మిల్లీమీటర్ల జిర్కోనియా గొట్టంలో కొద్దికొద్దిగా పోసి అదమాలి. ఒక పక్క ఎక్కువైతే గొట్టం ఊగి, తిరగనని మొరాయిస్తుంది. అడుగు అంచున సగం చుట్టూ నల్ల మార్కరుతో గీత పెడతారు; వెలుగు సెన్సర్ దాన్ని చూసే చుట్లు లెక్కపెడుతుంది. గాలి ఒత్తిడి మీద తేలుతూ అది సెకనుకు 15,000 చుట్లు, అంటే నిమిషానికి 9 లక్షలు తిరుగుతుంది. ఇంట్లో మిక్సీ 20 వేల దగ్గరే రొద పెడుతుంది.

అప్పుడు అల్యూమినియం పలుకుతుంది. గీత చోటును కొలిచే పీపీఎం లెక్కలో, చుట్టూ నాలుగు ఆక్సిజన్లుంటే 60–70 ప్రాంతంలో, ఆరుంటే సున్నా దగ్గర్లో శిఖరం లేస్తుంది. రేగడితో చిక్కల్లా ఇనుము. దాని అయస్కాంత గుణం గీతల్ని పులిమేస్తుంది, కొన్నింటిని మింగేస్తుంది కూడా. ఇనుము తీయని మట్టి లెక్కల్ని నేనైతే అనుమానంగానే చూస్తాను. సిమెంటు పరిశోధకులు తెల్ల సిమెంటును ఏరుకునేదీ ఇందుకే.

సిమెంటు ప్రస్తావన ఊరికే రాలేదు. నంద్యాల జిల్లాలో సున్నపురాయికి కొదవ లేదు. సిమెంట్ నగర్, కొలిమిగుండ్ల ఫ్యాక్టరీలు దాని కోసమే వెలిశాయి. నీళ్లు కలిపిన సిమెంటు ఎందుకు గట్టిపడుతుంది? అందులో పుట్టే కాల్షియం సిలికేట్ జిగురు వల్ల. ఆ జిగురుకు సరైన స్ఫటిక క్రమం లేదు, కనుక ఎక్స్‌రేకు అంతగా చిక్కదు. 1980లో ఎస్తోనియాకు చెందిన లిప్‌మా బృందం సిలికాన్ శిఖరాల చోటును పొరుగు సిలికాన్ల సంఖ్యతో ముడిపెట్టింది. నీరు తగలని సిమెంటులో సిలికాన్ ఒంటరి, మైనస్ 71 పీపీఎం చుట్టుపక్కల కనిపిస్తుంది. తడిశాక జతలు కట్టి మైనస్ 79 దగ్గర, గొలుసు సాగితే మైనస్ 85 దగ్గర తేలుతుంది. ఈ రెంటి నిష్పత్తి నుంచి గొలుసు సగటు పొడవు లెక్కగడతారు. పనికొచ్చే సిలికాన్‌–29 ప్రకృతిలో 4.7 శాతమే కాబట్టి ఒక్క నమూనాకు రాత్రంతా పట్టొచ్చు.

ఆళ్లగడ్డ శిల్పి ఉలి కింది రాయికి ఇంత హంగామా దండగ. అది స్ఫటికాల రాయి, ఎక్స్‌రే చాలు. ఫ్యాక్టరీ రోజువారీ తనిఖీకీ అంతే.

మన దగ్గర ఈ విద్యకు చిరునామా హైదరాబాద్ గోపనపల్లిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్). అక్కడి పి.కె. మధు, సహచరులతో కలిసి 2006లో ప్రతిపాదించిన పద్ధతి హైడ్రోజన్ జోక్యాన్ని అణచి ఇతర గీతల్ని సన్నబరుస్తుంది.

ఇప్పుడు కాల్చిన బంకమట్టిని, సున్నపురాయిని కలిపిన సిమెంటు వస్తోంది. ముఖ్యంగా కయోలిన్ మట్టిని 700 డిగ్రీల దగ్గర కాలిస్తే అల్యూమినియం క్రమం చెదిరి, ఐదు ఆక్సిజన్ల నడుమ కూర్చున్నవి 30 పీపీఎం దగ్గర కనిపిస్తాయి. మట్టి చురుకుదనానికి అదొక గుర్తు. మంట 950 దాటితే కొత్త స్ఫటికాలు కట్టి చురుకు పోతుంది. రేగడిలోని స్మెక్టైట్ కాల్చినా కయోలిన్ అంత చురుకు కాదు. పైగా ఇనుము సంగతి ముందు తేల్చుకోవాలి.